పడవ పక్కకి షిప్పు చేరాక

కోడలా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక, రాసి పంపుతానన్నాను. నువ్వెక్కేది మధ్యధరా సముద్రంలో తిరిగే షిప్పు. "దారిలో వలస జనం పడవ కనిపించి మా షిప్పు ఆగితే నర్సుగా నేనేం చేయాలి అత్తా?" అన్నావు. అడగాల్సిందే అడిగావు. క్రూజ్ షిప్పు అంటే పెద్ద వయసు టూరిస్టులకి బీపీ చూడటం, వాంతులకి ఇంజెక్షన్ చేయడం, అంతే అనుకుని వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఒక్క సంగతి ముందే బుర్రలో పెట్టుకో. సముద్రంలో కొట్టుకుపోయేవాళ్లకి సాయం కనిపించగానే గండం గడిచినట్టు కాదు, కొత్త గండం అప్పుడే మొదలవుతుంది. అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తారు. 2015 ఏప్రిల్‌లో లిబియాకి ఉత్తరాన కింగ్ జేకబ్ అనే సరుకుల ఓడ అలాంటి పడవ సాయానికే వెళ్లింది. కిక్కిరిసిన ఆ పడవ వచ్చి ఓడనే గుద్దుకుంది, గాబరాలో జనం కదిలారు, పడవ బోల్తా పడింది. 800 మందికి పైగా పోయారు. బతికింది 28 మంది. అంత దూరం ఎందుకు, 2017 కార్తీకమాసంలో మన పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడింది గుర్తుందా? లైఫ్ జాకెట్లు లేక, గట్టు కనబడుతుండగానే 20 మందికి పైగా మునిగిపోయారు.

అందుకే ముందు మన షిప్పు నుంచి చిన్న బోటు వెళ్తుంది. కాస్త దూరంలోనే ఆగి, కూర్చోమని సైగ చేసి, లైఫ్ జాకెట్లు అందిస్తారు. తర్వాతే మనుషుల్ని ఎక్కించుకోవడం. కెప్టెన్ షిప్పుని గాలికి అడ్డంగా తిప్పి, పడవున్న వైపు నీళ్లు కాస్త నెమ్మదించేలా చూస్తాడు. ఇదంతా డెక్ వాళ్ల పని. నువ్వు రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తకు. నీ పని లోపల ఉంది.

ఇదేదో కెప్టెన్ మంచితనం మీద ఆధారపడిన వ్యవహారం అనుకునేవు. కాదు. సముద్రంలో ప్రాణాల రక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందం అయిదో అధ్యాయం, 33వ నిబంధన ప్రకారం ఆపదలో ఉన్నవాళ్లు ఏ దేశంవాళ్లయినా, కాగితాలున్నా లేకపోయినా, ఓడ వెళ్లి తీరాలి. టైటానిక్ జనాన్ని 1912లో ఎక్కించుకున్న కార్పేథియా కూడా ప్రయాణికుల ఓడే. 2024 జూన్‌లో స్పెయిన్ వాళ్ల టెనెరిఫ్ దీవికి దక్షిణంగా నడి అట్లాంటిక్‌లో ఇన్‌సిగ్నియా అనే క్రూజ్ షిప్పు 68 మందిని కాపాడింది. కాబట్టి "మన షిప్పుకి ఇది అవసరమా" అని క్రూ మెస్‌లో ఎవరైనా గొణిగితే ఆ గుంపులో చేరకు.

ఎవరైనా ప్యాసింజర్ వచ్చి "దూరంగా పడవలో ఎవరో చెయ్యి ఊపుతున్నారు" అంటే, నీకు కనిపించకపోయినా వెంటనే బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, ఫోన్ చెయ్. షిప్పుకి ఏ పక్క, ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, మూడూ చెప్పు. ఆ మనిషిని వేలు చూపిస్తూ అక్కడే నిలబడమను. 2012లో పక్షులు చూడటానికి వచ్చిన కొందరు ప్రయాణికులు పసిఫిక్‌లో ఇంజిన్ చెడి కొట్టుకుపోతున్న పనామా చేపల పడవని టెలిస్కోపులో చూసి సిబ్బందికి చెప్పారు. షిప్పు ఆగలేదు. తన దాకా మాటే రాలేదన్నాడు కెప్టెన్. ఆ పడవలో ముగ్గురుంటే ఇద్దరు చనిపోయారు. ఎవరో చెప్పే ఉంటారులే అనుకోవద్దు. రెండుసార్లు చెప్తే బ్రిడ్జి వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇక నీ పని. నీళ్లకి దగ్గరగా ఉండే పక్క తలుపు నుంచి మనుషులు లోపలికి వస్తారు. నీళ్లలోంచి తీసినవాళ్లని నిలబెట్టొద్దు. మునిగి ఉన్నంతసేపూ నీళ్ల ఒత్తిడే కాళ్లలో రక్తం జారిపోకుండా పట్టి ఉంచుతుంది. నిలువుగా పైకి లాగగానే బీపీ ఢామ్మని పడిపోతుంది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి తలుపు దగ్గర కూలిపోవచ్చు. వీలైతే స్ట్రెచర్ మీద అడ్డంగానే తేవాలి. "నేను నడుస్తా" అన్నా వినకు. చలికి బిగుసుకున్నవాళ్ల చేతులు కాళ్లు రుద్దకు. తడిబట్టలు తీసి, ఆరబెట్టి, దుప్పట్లు చుట్టు. ముందు ఒళ్లు వేడెక్కాలి.

రబ్బరు పడవల్లో వచ్చేవాళ్ల సంగతి ఏ క్లాసులోనూ సరిగ్గా చెప్పరు. పడవ అడుగున పెట్రోలు కారి ఉప్పునీళ్లతో కలుస్తుంది. భద్రంగా ఉంటారని ఆడవాళ్లనీ పిల్లల్నీ మధ్యలో కూర్చోబెడతారు, సరిగ్గా ఆ నీళ్లలోనే. గంటలు గంటలు అలా నానితే తొడలు, పిరుదులు కాలిపోతాయి. మంట మొదట్లో తెలియదు. ముఖం చూస్తే అలసటే కనబడుతుంది, జీన్స్ కత్తిరిస్తే చర్మం దానితో పాటు వస్తుంది. కాబట్టి పెట్రోలు వాసన వచ్చిన ప్రతి మనిషికీ బట్టలు మార్పించి, బాగా మంచినీళ్లతో కడిగించాలి. మగవాళ్లెవరూ లేకుండా తెర కట్టి చెయ్యి. అంత కష్టంలోనూ వాళ్లకి సిగ్గు ఉంటుంది. వాడిన బట్టలు మూత బిగించిన సంచుల్లోకి వెళ్లాలి. వాసనతో గదిలో అందరికీ తల తిరుగుతుంది, నిప్పు భయం వేరే.

ఒకటి మాత్రం పారేయకు. బట్టల్లో ప్లాస్టిక్ కవరు చుట్టి, టేపు వేసిన చిన్న పొట్లం ఉంటుంది. అందులో ఫోనుంటుంది, కాదంటే నంబర్లు రాసిన కాగితం. పేరు రాసి వాళ్ల చేతికే ఇవ్వు. నేను చూసినవాళ్లలో చాలామంది నీళ్లకంటే ముందు దాన్నే వెతుక్కున్నారు.

నీళ్లు అంటే గుర్తొచ్చింది. గ్లాసుడు ఇస్తే గటగటా తాగి అంతా కక్కుతారు. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా, గుక్క గుక్కగా పట్టు. రోజుల తరబడి తిండి లేనివాళ్లకి గ్యాలీ వాళ్లు, అంటే ఓడ వంటగదివాళ్లు, జాలిపడి ప్లేట్ల నిండా పాస్తా, కేకులు తెస్తారు. నువ్వు అడ్డుపడాల్సిందే. పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే ప్రాణం మీదికొచ్చే రీఫీడింగ్ గురించి నీకు చెప్పక్కర్లేదు, గుంటూరు పెద్దాసుపత్రిలో ట్రైనింగ్ అయినదానివి. చెఫ్‌కి మాత్రం చెప్పాలి, కోపం రాకుండా చెప్పు.

ఎక్కిన ప్రతి మనిషికీ చేతికి నంబరు పట్టీ కట్టి పేరు, వయసు, గర్భమా, గాయమా రాయి. కుటుంబాన్ని విడదీయకు. ఒంటరిగా వచ్చిన పిల్లల్ని, ఆడవాళ్లని వేరే గదిలో ఉంచి, కాపలాగా ఆడమనిషినే పెట్టించు. భాష కోసం ఫోన్ యాప్ తడుముకోకు. క్రూజ్ షిప్పులో ట్యునీషియా వెయిటరో, మొరాకో వంటవాడో ఉండకపోడు. అతన్ని పిలిపించుకో, పక్కనే కూర్చోబెట్టుకో.

ఆ తర్వాత నోటి జాగ్రత్త. "మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని ప్రతి పది నిమిషాలకీ అడుగుతారు. "అంతా మంచే జరుగుతుంది, ఇటలీకే వెళ్తున్నాం" అని నోరు జారకు. దింపే చోటు తేల్చేది నువ్వు కాదు, ఒక్కోసారి కెప్టెన్ కూడా కాదు. 2001లో టాంపా అనే నార్వే ఓడ 400 మందికి పైగా కాపాడితే ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ జనాన్ని తన గడ్డ మీదికి రానివ్వలేదు, ఓడ రోజుల తరబడి సముద్రంలోనే ఉంది. 2014లో సలామిస్ ఫిలోక్సేనియా అనే క్రూజ్ షిప్పు 345 మందిని ఎక్కించుకుని సైప్రస్‌లోని లిమసోల్ రేవు చేరితే, చాలామంది "మాకు ఇటలీ కావాలి" అని గంటల తరబడి దిగనన్నారు. "కెప్టెన్ చెప్పగానే మీకు చెప్తాం" అను. ఎన్నిసార్లడిగినా అదే మాట, అదే గొంతుతో.

ప్యాసింజర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకళ్లు చూడాల్సిన పోర్టు తప్పిపోయిందని రిసెప్షన్ దగ్గర గోల చేస్తారు, పది మంది సూట్‌కేసులు తెరిచి బట్టలిస్తారు. ఇచ్చేవి సిబ్బంది ద్వారా రానీ, మనుషుల్ని మాత్రం ఆ గదిలోకి రానీయకు. ఫోన్ ఎత్తి ఫొటో తీయబోతే నిలబడి అడ్డం పడు, మర్యాదగానే.

పడవలో శవాలుండొచ్చు. ఇన్‌సిగ్నియా వాళ్లకీ ఎదురైంది. ముఖం కప్పు, నంబరు రాయి. పక్కవాళ్లలో పేరు తెలిసినవాళ్లుంటే ఆ రోజే అడిగి రాసుకో, దిగిపోయాక అడగడానికి ఎవరూ దొరకరు. డ్యూటీ దిగాక కేబిన్‌లో ఏడుపొస్తే ఏడువు. తర్వాత స్నానం చేసి, ఏదైనా తిని పడుకో. మర్నాడు క్లినిక్‌కి మళ్లీ దగ్గు, విరేచనాలవాళ్లే వస్తారు.

క్రౌడ్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ ఉంటుంది, నర్సుకెందుకులే అని నిద్రపోకు. హెపటైటిస్ టీకాలు ఇప్పుడే మొదలుపెట్టు, డోసుకీ డోసుకీ మధ్య నెలలు పడుతుంది. ఓడ ఉద్యోగానికి కావాల్సిన ఎస్‌టీసీడబ్ల్యూ ట్రైనింగ్ సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక సెట్ నా దగ్గర పడెయ్. మీ అమ్మ టెన్షన్ పడుతోందట. ఆదివారం బెజవాడ వస్తున్నాను, వదినతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా ఈ ఉత్తరం ఆవిడ కంట పడనీయకు.

మీ అత్త
బ్రాడీపేట, గుంటూరు