రొయ్యల చెరువు దగ్గర "ఇంకో మూడు వారాలు చూద్దాం" అని ఎందుకనిపిస్తుంది?

మీ ప్రశ్నలో ఉన్న సంగతి ఇది: భీమవరం దగ్గర ఎకరం వనామీ రొయ్యల చెరువు. అరవై రోజులు దాటింది, రొయ్య వంద కౌంట్‌లో, అంటే కిలోకి వంద తూగేలా ఉంది. అదే కాలవ మీద రెండు చెరువుల అవతల తెల్లమచ్చ వైరస్ రోగం తగిలింది. మీ నాన్నగారేమో "నాలుగు లక్షలు పెట్టి వంద కౌంట్‌కి పట్టేస్తామా, ఇంకో మూడు వారాలు చూద్దాం" అంటున్నారు. ఇది కాగ్నిటివ్ బయాసేనా (ఆలోచనలో తెలియకుండా దొర్లే పొరపాటేనా), దాని గురించి చెబితే ఆయన వింటారా అని అడిగారు.

బయాసే. కానీ దాని పేరు చెప్పినందువల్ల లాభం ఉండదు. ఇలాంటి పొరపాట్లు ఎదుటివాళ్లలో ఇట్టే పట్టేస్తాం, మనలో ఉన్నాయంటే ఒప్పుకోం. మనస్తత్వవేత్త ఎమిలీ ప్రోనిన్, ఆమె సహ పరిశోధకులు 2002లో సరిగ్గా ఈ సంగతే చూపించారు. బయాస్ అనే మాట మీ నాన్నగారికి నిందలాగే వినపడుతుంది. మాట పక్కన పెట్టి లెక్క ముందు పెట్టండి.

లెక్కకి కొన్ని ధరలు అనుకుందాం, మీరు ఆ రోజు ధరలు వేసుకోండి. చెరువులో 60 వేల రొయ్య బతికుంది, ఒక్కోటి 10 గ్రాములు, అంటే 600 కిలోలు. వంద కౌంట్ కిలో 230 అయితే ఈరోజు పట్టుబడికి 1,38,000 వస్తుంది. మూడు వారాలు ఆగితే వారానికి 2 గ్రాముల చొప్పున పెరిగి 16 గ్రాములవుతుంది. అది 62 కౌంట్, 960 కిలోలు. కిలో 290 చొప్పున 2,78,400. పెరిగిన 360 కిలోలకి ఎఫ్‌సీఆర్ (కిలో పెరగడానికి పట్టే మేత) 1.5 వేసుకుంటే 540 కిలోల మేత, కిలో 90 చొప్పున 48,600. కరెంటు, డీజిల్, మందులకి ఇంకో 20 వేలు. అన్నీ పోను చేతికొచ్చేది దాదాపు 2,10,000. ఈలోగా తెల్లమచ్చ తగిలితే హడావిడిగా పట్టి అమ్మినా ఖర్చులు పోను 30 వేలు మిగులుతుందనుకోండి.

ఇప్పుడు రోగం రాకుండా గట్టెక్కే అవకాశం ఎంతుంటే ఆగడం లాభం? 1,38,000లోంచి 30 వేలు తీసేస్తే 1,08,000. 2,10,000లోంచి 30 వేలు తీసేస్తే 1,80,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.6. అంటే పదిలో ఆరుకి మించి నమ్మకం ఉంటేనే ఆగాలి. ఈ లెక్కలో ఎక్కడా ఆ నాలుగు లక్షలు లేవని గమనించండి. ఆ డబ్బు పట్టినా తిరిగి రాదు, ఆగినా తిరిగి రాదు. అయినా మాటల్లో ముందు వచ్చేది అదే. దీన్నే సంక్ కాస్ట్ పొరపాటు అంటారు.

అదే చెరువు ఇప్పటికే లాభంలో ఉండుంటే, "ఎందుకొచ్చిన రిస్కు, పట్టేద్దాం" అని మీ నాన్నగారే తొందరపెట్టేవారు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాసిన ప్రాస్పెక్ట్ థియరీలో ముఖ్యమైన అంశం ఇదే. లాభంలో ఉన్నప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటాడు, నష్టంలో ఉన్నప్పుడు ఆ నష్టాన్ని ఖాయం చేసుకోలేక పందేనికి దిగుతాడు. తెల్లమచ్చ ఒకసారి అంటుకుంటే 3 నుంచి 10 రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. పందేనికి అంతకన్నా చెడ్డ సమయం ఉండదు.

ఆ "పదిలో ఎంత" అన్నది గాల్లోంచి తీసుకోకూడదు. రోగం తేలాక మీరు అదే కాలవ నీళ్లు పెట్టారా? గట్టు చుట్టూ పీతలు దాటకుండా కంచె, పైన పక్షుల వల ఉన్నాయా? వలలు, మనుషులు ఆ చెరువుకీ మీ చెరువుకీ తిరుగుతున్నారా? పీసీఆర్ (రొయ్యలో వైరస్ ఉందేమో చూసే ల్యాబ్ పరీక్ష) చేయించారా? ఇవాళ నెగటివ్ వచ్చిందంటే ఇవాళ తీసిన ఆ కాసిని రొయ్యల్లో లేదని మాత్రమే అర్థం. అందుకే మళ్లీ మళ్లీ చేయించాలి. ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు కాగితం మీద రాశాకే అంకె వేయండి. ముందే అంకె అనుకుని దానికి కారణాలు వెతకడం చాలా సులువు.

అలా వెతకడమే రెండో పెద్ద ప్రమాదం. మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1960లో ఒక ప్రయోగం చేశాడు. 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనకున్న నియమం కనుక్కోమన్నాడు. చాలామంది "రెండేసి పెరుగుతాయి" అనుకుని 8, 10, 12 లాంటివి మాత్రమే అడిగి చూశారు, ప్రతిసారీ "సరే" అనే వచ్చింది. అసలు నియమం మాత్రం అంకెలు పెరుగుతూ పోవడమే. తమ ఊహ తప్పని తేల్చగల 3, 7, 50 లాంటివి వాళ్లకి తోచలేదు.

చెరువు మీద ఇది రోజూ జరుగుతుంది. విసురు వల ఎప్పుడూ మేత పడే చోటే వేస్తారు, అక్కడ పెద్ద రొయ్య పడుతుంది, "బాగా ఎదిగింది" అనుకుంటారు. ఎంత తిన్నాయో చూడ్డానికి మేత వేసి దించే నాలుగు చెక్ ట్రేల్లో రెండు ఖాళీగా, రెండింట్లో మేత మిగిలి ఉంటే ఖాళీ వాటినే లెక్కలోకి తీసుకుంటారు. దీని ఖరీదు చిన్నది కాదు. నిజంగా 60 వేలు బతికుంటే 10 గ్రాముల దగ్గర 3 శాతం చొప్పున రోజుకి 18 కిలోల మేత చాలు. 80 వేలు ఉన్నాయనుకుంటే 24 కిలోలు పడుతుంది. రోజుకి 6 కిలోలు, వారానికి 42 కిలోల మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెంచుతుంది, తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడగొడుతుంది. ఆపైన వచ్చిన రోగానికి సీడ్‌ని (చెరువులో వేసిన రొయ్య పిల్లల్ని) తిడతారు. కాబట్టి వల ఐదు చోట్ల వేయండి. రెండు సార్లు మేతకి దూరంగా, మురికి చేరే నడిమధ్యన. కనీసం వంద రొయ్యలు తూచి సగటు తీయండి. ట్రేలు ఎత్తే మనిషిని "బాగా తిన్నాయా?" అని అడగొద్దు, "ఎక్కడ మిగిలింది?" అని అడగండి.

మిగతావి క్లుప్తంగా. ఫలానా ఆయన ఎకరానికి నాలుగు టన్నులు తీశాడని టీ కొట్టు దగ్గర వినపడుతుంది, నలభై రోజులకే పోగొట్టుకున్నవాడు ఆ టీ కొట్టుకి రాడు. సీడ్ వేసే రోజే మీ కాలవ మీద చెరువులన్నీ రాసుకుని, తొంభయ్యో రోజున ఎన్ని మిగిలాయో చూస్తేనే నిజం తెలుస్తుంది. ధర విషయంలో మొదట విన్న అంకె మనసుని పట్టేస్తుంది. కానెమన్, ట్వెర్‌స్కీ 1974 వ్యాసంలో ఒక చక్రం తిప్పి చూపించారు. అది 10 దగ్గర ఆగితే చూసినవాళ్లు ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల వాటా 25 శాతమన్నారు, 65 దగ్గర ఆగితే 45 అన్నారు. చక్రానికీ ఆఫ్రికాకీ సంబంధమే లేదు. కొనుగోలుదారుకి ఫోన్ చేసే ముందే మీ కనీస ధర రాసుకోండి, ముగ్గురిని అడగండి. పోయిన సీజన్ గరిష్ట ధర కూడా అలాంటి అంకే, దాన్ని మర్చిపోండి.

"రెండు పంటలు పోయాయి, మూడోది రాకేం చేస్తుంది" అనే మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. దాని వెనక అప్పులుంటాయి. వరసగా రెండుసార్లు బొరుసు పడ్డ నాణెం విషయంలోనే అది తప్పు, చెరువులో ఇంకా తప్పు. ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవి బీజాలు మట్టిలో ఉండిపోతాయి కాబట్టి ఏమీ చేయకపోతే మూడో పంటకి అవకాశం తగ్గుతుంది. దానికి చెరువు ఎండగట్టి, 10-12 సెంటీమీటర్ల లోతున దున్ని, హెక్టారుకి 6 టన్నుల లెక్కన, అంటే ఎకరానికి దాదాపు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేసి తడపాలి. మట్టి పీహెచ్ 12 దాటాలి. ఆపైన వారం ఎండాలి.

మీ నాన్నగారితో ఎలా మాట్లాడాలంటే, ముందు ఆయన అభిప్రాయం అడగకండి. ఇంట్లో పెద్దాయన నోరు తెరిచాక ఇంకెవరూ వేరే మాట అనరు. మీరు, మీ బాబాయి, కాపలా మనిషి, ఆయన తలా ఒక చీటీ మీద "పదిలో ఎంత" రాయండి, తర్వాతే విప్పండి. అంకెలు దూరంగా ఉంటే ఎందుకో మాట్లాడుకోండి. తర్వాతి పంటకైతే సీడ్ వేయకముందే కూర్చుని, "తొంభయ్యో రోజుకి ఈ చెరువు పోయింది, ఎందుకు పోయింది?" అని అందరూ విడివిడిగా రాయండి. మనస్తత్వవేత్త గ్యారీ క్లెయిన్ దీన్ని ప్రీమార్టెం అన్నాడు. వచ్చిన జవాబుల్లోంచి ఆపే షరతులు తేల్చి చెరువు పుస్తకం మొదటి పేజీలో రాసి సంతకాలు పెట్టండి. ఉదాహరణకి "పీసీఆర్ పాజిటివ్ అయితే అదే రోజు కొనుగోలుదారుకి ఫోన్", "పగలు రొయ్య గట్టు వెంట పైకి తేలితే మేత బంద్, సాయంత్రంలోగా శాంపిల్ ల్యాబ్‌కి".

ఈ పూట మాత్రం కాలవ తూము మూసేయండి, పక్క చెరువు వలలు రానివ్వకండి, శాంపిల్ పంపండి, ముగ్గురి దగ్గర వంద కౌంట్ ధర తీసుకుని పైలెక్కలో వేయండి. రోగం తేలితే నీళ్లు వదలకుండా వలలతోనే పట్టండి. ఆ నీళ్లు బ్లీచింగ్‌తో శుద్ధి చేసి కనీసం వారం నిలవ ఉంచాకే మురుగు కాలవలోకి వదలాలి, కింద ఇంకా చెరువులున్నాయి.