సొసైటీ బిల్డింగు కూల్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, ఇంజనీరు జవాబులు

ప్రశ్న: మాది నాందేడ్. మిల్లు పని, బీడీ పని చేసుకునే తెలుగు కుటుంబాలు సొసైటీ పెట్టుకొని 1986లో కట్టించుకున్న బిల్డింగు మాది. మూడంతస్తులు, 24 ఇళ్లు, ఒక్కో ఇల్లు 340 చదరపు అడుగులు. లిఫ్టు లేదు. కొన్నేళ్లుగా స్లాబు పెచ్చులు ఊడిపడుతున్నాయి. ఒక బిల్డరు వచ్చి ఇంటికి 425 అడుగులు ఉచితంగా కట్టిస్తానని, అప్పటిదాకా బయట అద్దె కూడా తానే ఇస్తానని అంటున్నాడు. కమిటీ వాళ్లు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. షేర్ సర్టిఫికెట్ (సొసైటీలో సభ్యత్వం, వాటా చూపే కాగితం) ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సంతకం పెట్టమంటారా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇప్పుడే పెట్టకండి. కొత్త బిల్డింగు వద్దని నేను చెప్పడం లేదు. కూల్చాల్సిన అవసరం ఉందో లేదో తేలకముందే మిమ్మల్ని సంతకం అడుగుతున్నారు, నా అభ్యంతరమల్లా అదే.

పెచ్చులు ఊడినంత మాత్రాన బిల్డింగు పని అయిపోయినట్టు కాదు. సిమెంటుకుండే క్షారగుణం లోపలి ఇనుప చువ్వను కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. ఆపైన తడి తగిలితే చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. అందుకే పెచ్చులు ఎక్కువగా పై ఇంటి బాత్రూం కింద, వాననీళ్లు నిలిచే టెర్రస్ కింద ఊడతాయి. మీ ఇంట్లో ఊడుతున్న చోటు ఏదో చూడండి. చిన్న సుత్తితో ఆ చుట్టుపక్కల మెల్లగా తట్టించండి. గట్టిగా ఉన్న చోట టంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా వినిపిస్తుంది. ఆ డొల్ల రెండు మూడు గదులకే పరిమితమైతే దాన్ని చెక్కించి, తుప్పు తీయించి, పాలిమర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన మరమ్మతు సిమెంటు ముద్దతో) పూడ్పించుకోవచ్చు. స్తంభాల మూలల వెంట నిలువు పగుళ్లు కనబడితే మాత్రం విషయం వేరు. అక్కడ ఆలస్యం చేయకూడదు. నాందేడ్ వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కాబట్టి గోడల మీద ఏటవాలు పగుళ్లు కూడా వస్తాయి. అది పునాది సమస్య. స్లాబు తుప్పుతో దాన్ని కలిపి చూపించి భయపెడితే నమ్మకండి.

ఇదంతా తేల్చేది స్ట్రక్చరల్ ఆడిట్, అంటే బిల్డింగు ఎంత గట్టిగా ఉందో ఇంజనీరు చేసే తనిఖీ. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల మోడల్ బైలాస్ (నమూనా నియమావళి) ప్రకారం 15 నుంచి 30 ఏళ్ల బిల్డింగుకు అయిదేళ్లకోసారి, 30 దాటితే మూడేళ్లకోసారి ఆ ఆడిట్ చేయించాలి. మీ కమిటీని పాత రిపోర్టులు అడగండి. లేకపోతే కొత్తది చేయించాలి. ఇంజనీరును పెట్టుకోవాల్సింది సొసైటీ. బిల్డరు పంపిన ఇంజనీరు మాటకు నేను విలువ ఇవ్వను.

ఇక ఆ 425 అడుగుల సంగతి. 24 ఇళ్లకు అంటే 10,200 అడుగులు ఆయన తన డబ్బుతో కట్టాలి. ఇరవై నాలుగు కుటుంబాలకు అద్దెలూ ఇవ్వాలి. ఈ ఖర్చంతా పైన అదనంగా కట్టి అమ్మే ఫ్లాట్ల మీదే రావాలి. ముంబైలో అడుగు అమ్మకం ధర కట్టుబడి ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి ఆ లెక్క నడుస్తుంది. మన చిన్న ఊళ్లలో ఆ తేడా చాలా తక్కువ. ఫ్లాట్లు అమ్ముడుపోకపోతే పని సగంలో ఆగుతుంది, దాని వెంటే అద్దె కూడా ఆగుతుంది. పాత ఇల్లూ లేక, కొత్త ఇల్లూ రాక, సొంత డబ్బుతో అద్దె కట్టుకుంటున్నవాళ్లు నా దగ్గర కూర్చొని ఏడ్చారమ్మా. అందుకే ఎన్ని అడుగులిస్తావని అడిగే ముందు, ఎన్ని ఫ్లాట్లు అమ్ముతావు, ఏ ధరకు అమ్ముతావు, అమ్ముడుపోకపోతే మాకు హామీ ఏమిటి అని అడగాలి.

మహారాష్ట్ర ప్రభుత్వం 2019 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ హామీ గురించి ఉంది. ప్రాజెక్టు ఖర్చులో 20 శాతానికి బిల్డరు బ్యాంకు గ్యారంటీ (తాను మాట తప్పితే బ్యాంకు చెల్లించే హామీ) ఇవ్వాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది హాజరైన ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోవాలి. బిల్డరును ఎంచుకునే సమావేశానికి సహకార సంఘాల రిజిస్ట్రార్ ఆఫీసు తరఫు అధికారి రావాలి, వీడియో తీయాలి. ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి, అందులో ఇంటి విస్తీర్ణం కార్పెట్ ఏరియాలోనే (ఇంటి లోపల వాడుకునే నేల కొలతలోనే) రాయాలి. గుమ్మాల దగ్గర పోగేసిన సంతకాలు సమావేశంతో సమానం కావు. ఆ ఒప్పందం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మీలో పెద్దవాళ్లు చాలామందికి అవి చదవడం రాకపోవచ్చు. పేజీ పేజీ తెలుగులో చదివి వినిపించమని సమావేశంలో గట్టిగా పట్టుబట్టండి.

స్థలం సంగతీ చూడండి. సాత్‌బారా గానీ ప్రాపర్టీ కార్డు గానీ (రెండూ భూమి ఎవరిదో చూపే ప్రభుత్వ రికార్డులు) సొసైటీ పేరు మీద ఉందా? ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చిన జాగా అయితే కలెక్టరు అనుమతి కావాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది మెయింటెనెన్సు. లిఫ్టు, వాచ్‌మన్, మోటార్లు, జనరేటరు వచ్చాక నెల ఖర్చు పెరుగుతుంది. బీడీలు చుట్టి బతికే ఇల్లు, పెన్షన్ మీద నడిచే ఇల్లు దాన్ని ఎన్నాళ్లు కట్టగలవు? బాకీలు పడి, రెండు మూడేళ్లలో కొత్త ఇల్లు అమ్మేసుకొని ఊరి చివరకు పోతారు. లాభం కోసం కాక, పనిచేసుకునేవాళ్లకు నీడ కోసం పెట్టుకున్న సొసైటీ అది. ఇప్పుడున్న ఆ ఇరవై నాలుగు కుటుంబాలు మళ్లీ అక్కడే ఉండగలగాలి. కాబట్టి సొసైటీ పేరు మీద కార్పస్ డిపాజిట్ (అసలు కదపకుండా బ్యాంకులో ఉంచే నిధి) ఇమ్మని బిల్డరును అడగండి. దాని వడ్డీతో మెయింటెనెన్సు కొంతైనా తగ్గాలి. జిమ్ము, క్లబ్‌హౌస్ మాకొద్దని చెప్పండి. అవసరమైతే 425లో కొన్ని అడుగులు వదులుకోండి.

మీ సొంత పని కూడా ఒకటుంది. షేర్ సర్టిఫికెట్ మార్పుకు ఈ వారమే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీ ఆయన నామినేషన్ రాసి ఉంటే నామినీకి తాత్కాలిక సభ్యత్వం ఇస్తారు, కానీ అంతటితో ఇల్లు నామినీ సొంతం కాదు. వారసులందరి కాగితాలు పెట్టాలి. పేరు మారకుండా బిల్డింగు కూలిస్తే కొత్త ఇంటి ఒప్పందం ఎవరి పేరున రాయాలన్న దగ్గరే మీది ఆగిపోతుంది.

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. బిల్డరు లేకుండా సొసైటీయే కొత్తగా కట్టుకోవచ్చా?

జవాబు: కట్టుకోవచ్చు. 30 ఏళ్లు దాటిన సొసైటీ బిల్డింగుల స్వీయ పునర్నిర్మాణం కోసం రాష్ట్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరు 13న ఉత్తర్వు ఇచ్చింది. లాభం బిల్డరుకు పోదు, నిజమే, కానీ ఫ్లాట్లు అమ్ముడుపోని నష్టం కూడా మీదే. ముందు బ్యాంకు దగ్గర అప్పు మాట తేల్చుకోండి. ఎన్ని ఫ్లాట్లు అమ్మితే ఆ అప్పు తీరుతుందో ఆర్కిటెక్టు చేత రాయించుకొని, వాటిలో సగమే అమ్ముడైతే పరిస్థితి ఏమిటో కూడా లెక్క వేయించండి. ఆ రెండో లెక్కకు సభ్యులు తట్టుకోగలమంటేనే దిగండి.