ఆవకాయ సరే, కవర్లొద్దు

ప్రశ్న: జులైలో మావారూ నేనూ కెన్యాలో మసాయి మారా చూడబోతున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. ఏం సర్దుకోవాలి?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సర్దుడు తర్వాతండీ, ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూడండి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటారు కాబట్టి మీ డాక్టర్ని అడిగాకే వెళ్ళండి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. కెన్యాలో అడుగుపెట్టడానికి ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

ఆఫ్రికా అనగానే ఎండలనుకుని నేను కాటన్ చీరలే తీసుకెళ్ళాను. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, జులై అక్కడ చలికాలం! తెల్లవారుజామున పైకప్పు ఎత్తిన సఫారీ బండిలో నిలబడితే పళ్ళు టకటకలాడాయి. మావారి మంకీ క్యాప్ లాక్కుని పెట్టుకున్నాను, సింహం నవ్వుకునే ఉంటుంది. స్వెట్టర్లు మరవకండి.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 నుంచి అక్కడ నిషేధం. కారప్పొడి, ఆవకాయ స్టీలు డబ్బాల్లో సర్దండి, మూత గట్టిదై ఉండాలి సుమా.