నడుస్తూ చర్చించుకుంటే బృందానికి కొత్త ఆలోచనలు వస్తాయా?

మీ బృందం గదిలో గంటల తరబడి కూర్చున్నా కొత్త ఊహ పుట్టడం లేదనీ, నడుస్తూ మాట్లాడుకుంటే ప్రయోజనం ఉంటుందా అనీ అడిగారు. ఉంటుందని అనుభవంతో చెప్పగలను, కానీ అందరూ ఒకే గుంపుగా నడిస్తే ఉండదు.

విశాఖపట్నంలో మేము ఆరుగురు ఉపాధ్యాయులం పాఠశాల వార్షికోత్సవం కోసం పిల్లల నాటిక రాయడానికి కూర్చున్నప్పుడు, పెద్ద మాస్టారు ఏదో ఒక మాట అనగానే మిగిలినవాళ్ళం దాని చుట్టూనే తిరిగేవాళ్ళం. అందుకని ఒక ఉదయం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర బయలుదేరి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు నడిచాం. మొదటి రోజు ముందున్నవారి మాటలు అలల హోరులో వెనకవారికి వినిపించలేదు. మర్నాడు ఇద్దరిద్దరుగా విడిపోయి, మ్యూజియం దగ్గర వెనుదిరిగేటప్పుడు జతలు మార్చుకున్నాం. సమావేశాల్లో ఎన్నడూ నోరు విప్పని మా డ్రాయింగ్ టీచర్ గారు, పక్కన వినేవారు ఒక్కరే ఉండటం వల్లనో, ఎదురుగా చూసే కళ్ళు లేకపోవడం వల్లనో, "కథను జాలరి కాకుండా అతని వల చెబితే ఎలా ఉంటుంది?" అని నన్ను అడిగారు. నాటిక మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదనే నిలబడింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాలలో, కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు సృజనాత్మక ఫలితం సగటున 60 శాతం పెరిగింది. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవారిలోనూ పెరుగుదల కనిపించింది, నడక ముగించి కూర్చున్నాక కూడా దాని ప్రభావం కొంత మిగిలింది. అయితే ఒకే సరైన జవాబు ఉండే పదసమస్యలలో నడిచినవారు కొద్దిగా వెనకబడ్డారు. అక్కడ పరీక్షించినది వ్యక్తులను విడివిడిగానే కనుక, బృందం గురించి నేను చెప్పేది మా అనుభవం మాత్రమే.

కాబట్టి ఊహలు పోగుచేయడానికి నడవండి, వాటిలో ఏది పనికొస్తుందో తేల్చడానికి మాత్రం కూర్చోండి. మేము నడక ముగియగానే గట్టు మీద కూర్చుని, ప్రతి ఒక్కరం మా సొంత ఊహను కాక జతగా నడిచినవారి ఊహను చెప్పి రాయించేవాళ్ళం, దానివల్ల నడిచేటప్పుడు అందరూ శ్రద్ధగా వినేవారు. మాలో మోకాళ్ళ నొప్పి ఉన్న ఒకరు సగం దూరంలోనే ఆగిపోయేవారు, ఆయన జతగాడూ అక్కడే ఆగేవాడు, తిరిగి వచ్చేవాళ్ళం అక్కడే ఆ ఇద్దరితో జతలు మార్చుకునేవాళ్ళం.