పడవకు రంధ్రం వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరమూ, ఫోటోలూ అందాయి. 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, అల్యూమినియం రేకు, చదునైన అడుగు, మూడు అడ్డబల్లలు, వెనక చిన్న మోటారు. మంచి పడవే కొన్నావు. ఫోటోల కింద రాసిన జాబితా చదివితే మాత్రం నవ్వొచ్చింది. ఎత్తయిన డెక్కు, తిరిగే కుర్చీలు రెండు, సోనార్ (నీటి లోతునూ చేపలనూ చూపే పరికరం), ట్రోలింగ్ మోటారు (చప్పుడు లేకుండా మెల్లగా కదలడానికి బ్యాటరీతో నడిచే చిన్న మోటారు), చేపల తొట్టి, దీపాలు, బాతుల వేటకు మాటు, కుక్క ఎక్కడానికి మెట్టు. ఇవన్నీ ఎక్కించాక నువ్వెక్కడ కూర్చుంటావో రాయడం మరిచిపోయావు.

ముందు డ్రిల్లు పక్కన పెట్టు. కనీసం ఒక నెల, ఓపిక ఉంటే ఒక సీజను, పడవను ఉన్నది ఉన్నట్టుగా వాడు. జేబులో ఒక సుద్దముక్క పెట్టుకో. గాలం ఎక్కడ ఆనించాలని చెయ్యి వెళ్లిందో, మోకాలు దేనికి కొట్టుకుందో, ఏ వస్తువు కోసం వెనక్కి తిరగాల్సి వచ్చిందో అక్కడ ఒక గీత గియ్యి. చెరిగిపోతే మళ్లీ గియ్యి. నేను నా మొదటి పడవలో ముందు భాగాన నిలబడి గాలం విసురుతానని ఊహించుకుని, అందుకు తగ్గట్టే అన్నీ కట్టాను. తీరా చూస్తే రోజులో మూడొంతులు వెనక బల్ల మీద మోటారు పిడి పట్టుకునే కూర్చున్నాను. ఆ ముందు డెక్కు మీద ఎక్కువసేపు నిలబడింది మా కుక్క.

ఇక బరువు లెక్క. పడవ లోపలి వైపు ఒక చిన్న రేకు ఉంటే, దాని మీద ఎంత బరువు మోయగలదో, ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత అశ్వశక్తి మోటారు తగిలించవచ్చో రాసి ఉంటుంది. రేకు ఊడిపోయి ఉంటే ఒక మోటు లెక్క ఉంది. పొడవునూ వెడల్పునూ అడుగుల్లో గుణించి 15తో భాగించాలి. నీ పడవకు 14ను నాలుగున్నరతో గుణిస్తే 63, దాన్ని భాగిస్తే నలుగురు. అదీ ఒక్కొక్కరు 70 కిలోలకు మించకుండా, గాలీ అలలూ లేని నీటిలో. మీరు ఇద్దరే కదా అని సంబరపడకు. మిగిలిన ఇద్దరి వాటాలోనే నీ జాబితా అంతా ఇమడాలి. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒక్కటే దాదాపు 20 కిలోలు. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ పాతిక కిలోలు దాటుతుంది. 20 లీటర్ల పెట్రోలు 15 కిలోలు. 60 లీటర్ల చేపల తొట్టి నింపితే 60 కిలోలు, పైగా అది కదిలే బరువు. పడవ ఏ వైపు ఒరిగితే తొట్టిలో నీరు కూడా ఆ వైపుకే పరుగెడుతుంది. చేపలు బతికుండాలంటే ఇంకో మార్గం ఉంది, మూత ఉన్న చిన్న బుట్ట పడవ పక్కన నీటిలో వేలాడదీస్తే చాలు. చనిపోయినా ఫరవాలేదంటే మంచు పెట్టె ఎలాగూ ఉంటుంది. తొట్టిని జాబితాలోంచి కొట్టేయి.

అడ్డబల్లల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట చేసే తప్పు అక్కడే ఉంది. మధ్య బల్ల నడవడానికి అడ్డంగా ఉందని కోసేస్తారు. నేనూ కోశాను. ఆ బల్ల కేవలం కూర్చోవడానికి కాదు. రెండు పక్కల రేకులనూ అది పట్టి ఉంచుతుంది. దాని లోపల ఫోమ్ కూడా ఉంటుంది. పడవ నిండా నీళ్లు వచ్చినా మునిగిపోకుండా నీ ప్రాణాన్ని నీటిపైన ఉంచేది అదే. బల్ల తీసేసిన తర్వాతి సీజనులో చిన్న అల తగిలినా అడుగు రేకు ఊపిరి పీల్చినట్టు లేచి పడుతుండేది. రేకులను కలిపి పట్టుకునే రివెట్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. అప్పుడు కూర్చుని ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీలతో ఒక పక్క నుంచి మరో పక్కకు కొత్త చట్రం కట్టాను. మొదటే ఆ పని చేసి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉండేది కాదు. నువ్వు కోయక తప్పదనుకుంటే, కోసే రోజుకే కొత్త చట్రం సిద్ధంగా ఉండాలి, తీసిన ఫోమ్‌కు బదులు అంతే ఫోమ్ వేరే చోట బిగించి ఉండాలి. ఒక ఘనపుటడుగు ఫోమ్ సుమారు 27 కిలోలను తేల్చగలదని గుర్తుంచుకుని లెక్క వేసుకో. నీరు పీల్చని రకమే కొను. థర్మోకోల్ లాంటిదైతే పెట్రోలు తగలగానే కరిగిపోతుంది, ట్యాంకుకు దూరంగా పెట్టు. ఫోమ్‌ను అడుగు రేకుకు ఆనించి కూరవద్దు. కింద నీరు వెనక్కి పారడానికి దారి ఉండాలి, లేకపోతే ఏళ్ల తరబడి తడిసి నీకు తెలియకుండానే బరువెక్కుతుంది.

డెక్కుకు ఏ చెక్క వాడాలని అడిగావు. నా నోట మొదట వచ్చే మాట ఏ చెక్క వాడకూడదన్నదే. చెదలు పట్టకుండా మందు ఎక్కించిన చెక్క తీసుకోవద్దు. వానకు తడిసినా కుళ్లదని ఆ అమ్మిన మనిషి నాకు చెప్పాడు, నిజమే చెప్పాడు. కుళ్లలేదు. రెండేళ్లకు డెక్కు విప్పితే చెక్క కొత్తదిలా ఉంది, దాని కింద అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుని, సూది మొన దూరేంత రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఆ మందులో రాగి ఉంటుంది. రాగీ అల్యూమినియమూ తడిలో కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, ఆ కొట్లాటలో ప్రతిసారీ ఓడిపోయేది అల్యూమినియమే. అమెరికాలో 2004 ప్రాంతం నుంచి ఇళ్ల కోసం వస్తున్న మందు చెక్కల్లో ఆర్సెనిక్ తీసేసి రాగి పెంచారు, కాబట్టి పాతవాటికంటే ఇవి ఇంకా చెడ్డవి. ఇదే లెక్కన అడుగున పడిన ఒక రాగి నాణెం, ఇత్తడి మర, వైరు తుంపు కూడా కొన్నాళ్లకు రేకును తొలిచేస్తాయి. పని అయ్యాక అడుగంతా అయస్కాంతంతో తుడిచేస్తే సరిపోతుందనుకోకు, రాగీ ఇత్తడీ దానికి అంటవు. చేత్తో వెతకాల్సిందే. నాచు పట్టకుండా వేసే రాగి రంగులు కూడా నీ పడవ దగ్గరకు రానివ్వకు.

మరి ఏది వాడాలి? డబ్బులు ఉంటే రెండు మూడు మిల్లీమీటర్ల 5052 రకం అల్యూమినియం రేకు. లేదంటే మెరైన్ ప్లైవుడ్, ఆరు వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, నీరు చొరకుండా ఎపాక్సీ జిగురు పూత పట్టించి. రంధ్రాలు వేశాక వాటి లోపలి అంచులకు కూడా. స్టెయిన్‌లెస్ మరలు వాడకుండా కుదరదు. వాటి కింద నైలాన్ వాషరు వేసి, మరకు తుప్పు నిరోధించే పేస్టు రాసి బిగించు. పడవ ఆనుకునే ట్రెయిలర్ చెక్కలు కూడా మందు చెక్కలేమో చూడు. ఆ చెక్కల మీది తివాచీ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పడవ ఏడాదిలో ఎక్కువ రోజులు పడుకునేది దాని మీదే.

కొత్తవి కట్టే ముందు కారుతోందేమో చూడు. పడవను గట్టి దిమ్మెల మీద నాలుగు చోట్ల ఆనించి, అడుగున నీరు వదిలే రంధ్రానికి బిరడా బిగించి, లోపల నీళ్లు పొయ్యి. నాలుగు అంగుళాలు చాలు. అది కూడా తేలిక కాదు. నీ పడవలో ఆ కాస్త నీరే నాలుగు వందల కిలోలు దాటుతుంది. బయట చుక్క కనిపించిన ప్రతి చోటా మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, నీరు వదిలి, పూర్తిగా ఆరనివ్వు. వదులైన రివెట్టుకు ఒకరు ఒక వైపు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే, మరొకరు రెండో వైపు సుత్తితో కొట్టి బిగించాలి. మార్చాల్సివస్తే నీటి మట్టం కింద మామూలు పాప్ రివెట్ వేయకు, దాని మధ్యలోనే రంధ్రం ఉంటుంది. గట్టి రివెట్టో, కొస మూసిన పాప్ రివెట్టో వేసి, పాలీయురేథేన్ సీలెంట్ పట్టించు. సిలికాన్ పూతను నమ్ముకోవద్దు, ఊడి వస్తుంది. దాని మరకల మీద తర్వాత ఏ రంగూ అంటదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

డెక్కు ఎత్తు విషయంలో నా మాట విను. అడ్డబల్ల పైభాగం కంటే ఒక్క అంగుళం కూడా పైకి వెళ్లకు. నువ్వు లేచి నిలబడగానే నీ నడుము ఎక్కడుంటుందో, పడవ అంచు ఎక్కడుంటుందో ఊహించుకో. కట్టే ముందు పరీక్ష ఇదీ: పడవలో పెట్టెల మీద ఒక పలక వేసి అనుకున్న ఎత్తుకు తెచ్చి, నడుము లోతు నీటిలో, లైఫ్ జాకెట్ వేసుకుని, దాని మీద నిలబడి పది సార్లు గాలం విసురు. తర్వాత నువ్వే ఆ ఎత్తు తగ్గిస్తావు. పైన పరచడానికి తివాచీ కంటే రబ్బరు చాపలో, ఈవీఏ అనే మెత్తటి ఫోమ్ చాపలో మేలు, తడి నిలవదు. అల్యూమినియం మీద డబ్బా జారితే వచ్చే మోత చేపలకే కాదు, పక్క పడవలో వాళ్లకూ వినిపిస్తుంది, చాప దాన్నీ మింగేస్తుంది.

నీటిలో ఉండే సోనార్ తల తగిలించడానికి, మోటారు బిగించే వెనక పలకకు నేరుగా రంధ్రాలు వేయకు. ఒక చిన్న ప్లాస్టిక్ పలకను ముందు బిగించి, పరికరాలను దానికి బిగించుకో. పరికరం మారినా పడవకు కొత్త రంధ్రం పడదు. వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటే సుత్తితో తట్టి చూడు. మెత్తగా మొద్దుగా పలికితే లోపల కుళ్లినట్టే, మోటారు బిగించే ముందే మార్చు. మోటారు ప్రొపెల్లరుకు కాస్త పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగుతో దాదాపు ఒకే వరసలో ఉండాలి. వెనక పలక ఎత్తు 15 అంగుళాలున్న పడవకు 20 అంగుళాల కాడ ఉన్న మోటారు తెచ్చి బాధపడ్డవాళ్లను చూశాను.

వైర్ల పని నీకు వచ్చునని తెలుసు, అయినా ఇంట్లో వైరింగు వేరు, నీటిలో వేరు. తగరం పూసిన రాగి వైరే వాడు. బ్యాటరీ నుంచి ఒక జానెడు కూడా దాటకముందే ఫ్యూజు ఉండాలి. పడవ రేకునే నెగెటివ్ దారిగా వాడుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకు. కారుకు చెల్లుతుంది, ఇక్కడ రేకునే తినేస్తుంది. ప్రతి పరికరానికీ రెండు వైర్లు వెళ్లి రావాలి. 55 పౌండ్ల తోపుడు ఉన్న ట్రోలింగ్ మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న వైరు పెడితే కాలిపోతుంది, 60 ఆంపియర్ల బ్రేకరూ మందమైన వైరూ పెట్టు. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీని సగం కంటే దిగనివ్వకూడదు కాబట్టి, పూర్తి వేగంలో నీకు మిగిలేది మహా అయితే ఒక్క గంట. ఖర్చు పెట్టగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు సగం బరువే. ఏదైనా సరే, బ్యాటరీని ముందు భాగంలో పెట్టు. వెనక నువ్వూ, మోటారూ, పెట్రోలూ ఇప్పటికే బరువుగా ఉన్నారు. చీకట్లో తిరుగుతావు కాబట్టి దీపాలు: ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, చుట్టూ కనబడే తెలుపు ఒకటి ఎత్తుగా. ఆ తెల్ల దీపం నీ కళ్లల్లోకే కొట్టకుండా చూసుకో.

వేట సంగతి. అది చట్టం ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న రోజుల్లో, లైసెన్సు ఉంటేనే. అమెరికాలో వలస పక్షులపై కాల్పులకు మోటారు ఆపడమే కాదు, ఆ ఊపుతో పడవ ముందుకు సాగడం కూడా ఆగి ఉండాలి. మంచి నిబంధన, ఎక్కడున్నా పాటించు. పడవ కదిలేటప్పుడు తుపాకీ ఖాళీగా, సంచిలో ఉండాలి. కాల్చడం కూర్చుని మాత్రమే. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు నిలబడ్డవాడు పక్కకు తూలితే ఈ చిన్న పడవ ఆగదు. ఇద్దరూ ఒకే వైపు కాల్చాలి. మాటుకు ఇనుప చట్రం కట్టకు, సన్నని పైపులతో, మడిచి పెట్టుకునేలా, ఎక్కువ ఎత్తు లేకుండా కట్టు. గాలి దాన్ని తెరచాపలా పట్టుకుంటుంది. మెరవని రంగు వేసి, రెల్లు గడ్డి ఆ నీటి ఒడ్డున దొరికినదే కట్టుకుంటే అంతకంటే మంచి మాటు లేదు. రంగు వేసే ముందు రేకును గీకి, వెంటనే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమరు (రంగు పట్టు కోసం రేకును కొరికి అంటుకునే తొలి పూత) పట్టించు, రేపు చూద్దామనుకుంటే పైన ఆక్సైడు పొర మళ్లీ కట్టేసి ఉంటుంది. ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకున్న రోజున లైఫ్ జాకెట్ తీయకు. మోటారు ఆపే తాడు నీ మణికట్టుకు ఉండాలి, సీటు కింద కాదు.

ఇన్ని చెప్పాక నీ జాబితాలో మిగిలినవి: తక్కువ ఎత్తు డెక్కు, సోనార్, ట్రోలింగ్ మోటారు, దీపాలు, మడతపెట్టే మాటు. తిరిగే కుర్చీ ఒకటి చాలు, నీది. పక్కన కూర్చునేవాడు బల్ల మీద దిండు వేసుకుంటాడు. కుక్క మెట్టు ఉండనియ్యి. తడిసిన కుక్కను ఒక్కసారి చేతులతో పైకి లాగి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

బిరడా రెండోది కొని మోటారు తాళంచెవికి కట్టేసుకో. నా రివెట్ తుపాకీ నీకే ఇస్తాను. సుద్దగీతలున్న ఫోటోలు వచ్చాక పంపుతాను, అంతకు ముందు కాదు.

నీ మామయ్య