అనుమానం వస్తే ముందు మీటరును అడగండి

ప్రశ్న: వాడకం ఏమీ మారలేదు గానీ మూడు నెలలుగా కరెంటు బిల్లు పెరుగుతూ పోతోంది. పై వాటా వాళ్లు మా లైను వాడుకుంటున్నారేమోనని ఇంట్లో అనుమానం. గొడవ పడకుండా తేల్చుకునే దారుందా?

జవాబు: ఉంది. ముందు బిల్లులో రెండు రీడింగుల తేదీలు చూడండి. 30 రోజులకు తీయాల్సిన రీడింగు 36 రోజులకు తీస్తే బిల్లు పెరగక ఏం చేస్తుంది?

తేదీలు సరిగ్గానే ఉంటే, ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్ని ప్లగ్గులూ పీకేయండి. లైట్లు, ఫ్యాన్లు, గీజరు ఆపేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి, మీటరు మీద మిణుకుమనే ఎర్రలైటును పది నిమిషాలు గమనించండి. పగలోసారి, రాత్రోసారి చూడాలి. ఒక్కసారి కూడా మిణుకుమనకూడదు. మిణుకుమంటోందా, మెయిన్ కూడా దించండి. అప్పటికీ ఆగకపోతే మీటరుకూ మెయిన్‌కూ మధ్య నుంచి ఇంకో తీగ పోతూ ఉండొచ్చు, లేదా మీటరే పాడై ఉండొచ్చు. దాని జోలికి మీరు వెళ్లకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆగిపోతే సంగతి మీ ఇంటి లైన్లలోనే ఉంది. మళ్లీ మెయిన్ వేసి ఎంసీబీలు (లోడు మితిమీరితే తమంతట తామే పడిపోయే స్విచ్చులు) ఒక్కొక్కటే దించుతూ పోతే ఎక్కడో దొరుకుతుంది. తీరా చూస్తే చాలాచోట్ల దొంగతనమేమీ ఉండదు. మెట్ల లైటునో, అందరూ వాడే మోటారునో దగ్గరగా ఉంది కదా అని మీ లైనుకు తగిలించేసి ఉంటారు.

లైటు మిణుకుమనలేదంటే పై వాటా వాళ్లను వదిలేసి, ఫ్రిజ్ ఒక్కటే పెట్టి లెక్కపెట్టండి. యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుమంటుందో మీటరు మీదే రాసి ఉంటుంది. అది 3200 అయితే, పది నిమిషాల్లో 80 సార్లు మిణుకుమంటే 150 వాట్లు ఖర్చవుతున్నట్టు. కంప్రెసర్ రోజంతా ఆగకపోతే 3.6 యూనిట్లు. మధ్యమధ్యలో ఆగాలి మరి. ఆగడం లేదంటే తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టు వదిలింది.

సొంత మోటారుంటే ఇంకోటి. ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు వేసి అరగంట వాడకుండా ఉంచండి. కింద నీలం దిగితే వాషరు కారుతోంది, ఆ నీళ్లు తోడే కరెంటు మీదే.

ప్రశ్న: పక్క ఫ్లాట్ నుంచి గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి?

జవాబు: కాలింగ్ బెల్ నొక్కకండి, తలుపు తట్టండి. బెల్లు, స్విచ్చు నిప్పురవ్వ పుట్టిస్తాయి. వెలుగుతున్న లైటు ఆర్పినా అంతే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా అంతే. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. గాలిలో 2 శాతం చేరినా అంటుకుంటుంది. అందుకే కిటికీతో పాటు తలుపులూ బార్లా తెరవాలి. అందగలిగితే రెగ్యులేటర్ ఆపి, అందరూ బయటికొచ్చాకే ఫోన్ చేయండి. తర్వాత ట్యూబుకు సబ్బు నురగ రాస్తే లీకున్నచోట బుడగలొస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, వద్దు.

ప్రశ్న: కెటిల్, ఇస్త్రీపెట్టె పెడితే ఎక్స్‌టెన్షన్ బోర్డు వేడెక్కుతోంది. ఎంసీబీ ఉంది కదా, ఫర్వాలేదంటున్నారు పక్కింటివాళ్లు.

జవాబు: ఫర్వా ఉంది. 6 ఆంపియర్ల బోర్డు 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1380 వాట్లు. 1500 వాట్ల కెటిల్ ఒక్కటే అది దాటేస్తుంది, రెండూ కలిస్తే 10 ఆంపియర్ల పైమాటే. గోడలో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, పడదు. బోర్డు కాలుతున్నా పడదు. ప్లగ్గు వదులుగా ఊగుతున్నా, రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా లోపలి ఇత్తడి రేకు పట్టు పోయినట్టే, బోర్డు పారేయండి. వైరు చుట్టలాగే ఉంచి వాడితే వేడి బయటికి పోదు. కెటిల్‌ను గోడలోని 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి.

ప్రశ్న: పక్కింటావిడ వాట్సాప్ నుంచి అర్జంటుగా డబ్బు కావాలని మెసేజ్ వచ్చింది. పంపనా?

జవాబు: తలుపు తట్టి అడగండి. ఆవిడ కాదంటే, తన ఫోన్‌కు వచ్చిన వాట్సాప్ ఆరంకెల కోడ్ ఎవరికో చెప్పి ఉంటారు. తన ఫోన్లో అదే నంబరుతో మళ్లీ రిజిస్టర్ అయితే అవతలివాడు బయటికి పోతాడు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (ఆ ఖాతా తెరిచి ఉన్న వేరే ఫోన్లు, కంప్యూటర్ల జాబితా) కూడా చూసి, తెలియనివన్నీ తీసేయమనండి. ఈలోగా ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే వాళ్లు వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయాలి.