కొత్త లాప్‌టాప్ కొన్న మేనకోడలికి

చి. చిన్నికి,

మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "దానికి లాప్‌టాప్ కొనిచ్చాం, విశాఖ హాస్టల్‌కి పంపేస్తున్నాం, నాకేమో టెన్షన్‌గా ఉంది, నువ్వు నాలుగు మాటలు చెప్పరా తమ్ముడూ" అంది. ఫోన్లో చెబితే నువ్వు "ఆఁ మామయ్యా, ఆఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

తెనాలిలో నేను 2001లో నెట్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు, డయలప్ కనెక్షన్, గంటకు 30 రూపాయలు. ఎంసెట్ ర్యాంకులొచ్చిన రోజు మెట్ల కింది దాకా జనం ఉండేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు నడిపాను. జనం నెట్‌లో ఎలా వెతుకుతారో, ఎక్కడ తప్పిపోతారో వాళ్ళ వెనకే నిలబడి చూశాను. దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది చేసింది ఒకటే పని. వెళ్ళాల్సిన చోటికి దారి తెలిసి కూడా, ఎవరో "ఇటు రండి" అంటే అటు వెళ్ళిపోయారు.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. రెండేళ్ళ కిందట మా ఫ్రిజ్ ఆగిపోయింది. కంపెనీ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ అని వెతికాను. అన్నిటికంటే పైన వచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. దాని మీద సన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంది. అంటే డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. ఇన్నేళ్ళు నెట్ సెంటర్ నడిపినవాణ్ణి, ఆ ముక్క చదవలేదు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. రిజిస్ట్రేషన్‌కి 10 రూపాయలు కట్టమన్నాడు. లింకు పంపి ఒక యాప్ వేయించాడు. నా ఫోన్ తెర మొత్తం వాడికి కనబడే యాప్ అది. కాసేపట్లో ఒకసారి 18,000, ఇంకోసారి 9,500 పోయాయి. అసలైన నంబరు ఫ్రిజ్ వెనకాల స్టిక్కర్ మీదే ఉందమ్మా! మీ అత్తయ్య తరవాత చూపించింది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తుంది.

కాబట్టి కస్టమర్ కేర్ నంబర్లు వెతుకులాటలో పట్టుకోకు. బిల్లు మీదో, కార్డు వెనకో, కంపెనీ సొంత సైటులోనో ఉన్నదే తీసుకో. ఈమధ్య వెతగ్గానే పైన ఏఐ సమాధానం కూడా వస్తోంది. అందులో ఉన్న నంబరునీ నమ్మకు, అదీ ఎక్కడి నుంచో ఏరుకొచ్చిందే.

లాప్‌టాప్ తెరిచిన మొదటి రోజే ఒక గంట కూర్చుని ఈ పని చెయ్యి. నీకు రోజూ కావాల్సినవి ఏడెనిమిది సైట్లే ఉంటాయి. మెయిల్, కాలేజీ, యూనివర్సిటీ, బ్యాంకు, స్కాలర్‌షిప్‌ల సైటు జ్ఞానభూమి, సర్టిఫికెట్లు దాచుకునే డిజీలాకర్, రైలు టికెట్లు. ఒక్కొక్కదాని అడ్రస్ పాస్‌బుక్ మీదో కాలేజీ కాగితం మీదో చూసి, ఒక్కసారి జాగ్రత్తగా కొట్టు. సరైనదని తేలాక కంట్రోల్, డి నొక్కితే బుక్‌మార్క్ అవుతుంది. వాటిని పైన బార్‌లో వరసగా పెట్టుకో. ఇక ఎప్పుడు వెళ్ళాలన్నా అక్కడి నుంచే. రోజూ వెతుక్కునే టైమూ కలిసొస్తుంది, దొంగ సైటులో పడే భయమూ తగ్గుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో "స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ రేపే ఆఖరు" అని లింకు పెట్టారనుకో. దాన్ని ముట్టుకోకుండా నీ బుక్‌మార్క్ తెరిచి చూడు. నిజమైతే అక్కడా ఉంటుంది.

అడ్రస్ చదవడం కూడా నేర్చుకో. కాలేజీలో ఇది ఎవరూ చెప్పరు. కూకట్‌పల్లిలో ఎవరో 'గుంటూరు మెస్' అని బోర్డు పెడతారు. బోర్డు మీద గుంటూరు ఉంది కదా అని అది గుంటూరు అయిపోదు. సైటు అడ్రస్ కూడా అంతే, ముందున్నది బోర్డు, చివరున్నది ఊరు. మొదట్లో పక్కపక్కనే ఉండే రెండు ఏటవాలు గీతలు వదిలేసి, ఆ తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగు. అక్కడి నుంచి ఎడమవైపుకి వెనక్కి చదువు. నీ బ్యాంకు పేరు, డాట్ బ్యాంక్, డాట్ ఇన్, డాట్ కేవైసీఅప్‌డేట్, డాట్ టాప్ అని ఉందనుకో. గీతకి ఆనుకుని ఉన్నది 'కేవైసీఅప్‌డేట్ డాట్ టాప్'. అదే దాని ఊరు. ముందున్న బ్యాంకు పేరంతా మెస్ బోర్డే.

అన్నట్టు, ఇందులో ఒక మంచి కబురుంది. బ్యాంకులన్నీ తమ సైట్లని 2025 అక్టోబరు 31 కల్లా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపుకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ ముగింపు బ్యాంకులకి తప్ప వేరేవాళ్ళకి ఇవ్వరు. రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే రిజర్వు బ్యాంకు పెట్టిన సంస్థే. ప్రభుత్వం సైటైతే 'గవ్ డాట్ ఇన్' చూసుకో. తాళం గుర్తు చూసి మాత్రం ధైర్యపడకు. నీకూ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడికి వినబడవని దాని అర్థం. అవతల కూర్చున్నవాడు మంచివాడని కాదు. దొంగ కూడా తాళం వేసుకుంటాడు.

పాస్‌వర్డ్‌ల సంగతికొస్తే, రాత్రి షాపు కట్టేసే ముందు నాలుగైదు కంప్యూటర్లలో ఎవరో ఒకరి మెయిల్ తెరిచే ఉండేది. నేనే లాగౌట్ చేసేవాణ్ణి. కొందరైతే పాస్‌వర్డ్ నాకే చెప్పి "గుర్తుపెట్టు అన్నా, మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతా" అనేవాళ్ళు. అందరివీ కూతురి పేరు, పక్కన 123. నువ్వు అలా చెయ్యకు. బ్రౌజర్‌లోనే పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటుంది, పొడుగాటి పాస్‌వర్డ్‌లు అదే తయారుచేసి అదే గుర్తుపెట్టుకుంటుంది. దానివల్ల ఇంకో లాభం చాలామందికి తెలీదు. మన కళ్ళు మోసపోతాయి గానీ అది అడ్రస్ అక్షరం అక్షరం సరిచూసుకుంటుంది. అసలు సైటులో నింపే పాస్‌వర్డ్‌ని నకిలీ సైటులో నింపదు. రోజూ తనంతట తానే నింపేది ఒకరోజు నింపలేదంటే, చేత్తో కొట్టెయ్యకుండా అడ్రస్ చూడు. ఇక మెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తరవాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోవడం ఈ ఆదివారమే అయిపోవాలి. మెయిల్ పోతే మిగతావన్నీ పోయినట్టే, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అంటే అన్నీ వచ్చి పడేది అందులోకే.

కాలేజీ ల్యాబ్‌లో అయితే ఇన్‌కాగ్నిటో విండో తెరిచి పని చేసుకుని, అయ్యాక మూసెయ్యి. అందులో ఏం చూసినా ఎవరికీ తెలీదని మాత్రం అనుకోకు. ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలదు, అంతే. నువ్వు ఏ సైటుకి వెళ్ళావో కాలేజీ నెట్‌వర్క్‌కి తెలుస్తుంది.

సీనియర్లు పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగదారిన నడిచేలా మార్చిన సాఫ్ట్‌వేర్ తెచ్చిస్తారు, "యాంటీవైరస్ ఆపేసి వేసుకో, లేకపోతే ఎక్కదు" అంటారు. వద్దని మర్యాదగా చెప్పు. స్టూడెంట్ల కోసం ఫ్రీగా ఇచ్చేవి బోలెడున్నాయి, కాలేజీ మెయిల్‌తో అడుగు. ఏదైనా సైటు తెరవగానే 'నోటిఫికేషన్లు పంపాలా' అని అడిగితే బ్లాక్ నొక్కు. అలో అన్నావంటే తెల్లారి నుంచి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అంటూ మూలన బొమ్మలు మొదలవుతాయి.

వెతకడంలో రెండు మూడు కిటుకులున్నాయి. కచ్చితమైన మాట కావాలంటే కోట్స్‌లో పెట్టు. ఒక్క సైటులోనే వెతకాలంటే ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ అడ్రస్ ఇవ్వు. యూనివర్సిటీ సైటులో సిలబస్ దొరక్క పిల్లలు గంటలు గంటలు తిరిగేవాళ్ళు, నేను ఇలా నిమిషంలో తీసిచ్చి ప్రింటుకి రెండు రూపాయలు పుచ్చుకునేవాణ్ణి. పెద్ద పేజీలో ఒక మాట పట్టుకోవాలంటే కంట్రోల్ ఎఫ్. పొరపాటున మూసేసిన ట్యాబ్ కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ టి. మిగతావి నువ్వే నేర్చుకుంటావు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకసారి పొరపాటు జరగొచ్చు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి, తరవాత బ్యాంకుకి. నేను ఫోన్ చేయడానికి ముందు పావుగంట సేపు సిగ్గుతో వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఈలోపు ఆ 18,000 చేతులు మారిపోయింది. 9,500 మాత్రం ఆపగలిగారు. నువ్వు ఆ పావుగంట పోగొట్టుకోకు. అమ్మ తిడుతుందని భయమైతే ముందు నాకు చెప్పు, అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

మీ అత్తయ్య నీకోసం సున్నుండలు చేసింది. శనివారం మీ నాన్న హాస్టల్‌కి వస్తున్నాడుగా, ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాం. కాబట్టి "మీ పార్సిల్ అడ్రస్ సరిగ్గా లేదు, ఈ లింకులో ఐదు రూపాయలు కట్టండి" అని మెసేజ్ వస్తే అది మా సున్నుండలది కాదు.

ఇట్లు,
మామయ్య